ఆమెన్‌కి ముందే తాళం పడే కారు

ఆ శుక్రవారం పొద్దున్న తిమోతి ఇంట్లో ఆరుగురున్నారు. ముందు గదిలో మడతకుర్చీ మీద అతని తల్లి ఎలీసబెతు, ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని, దాన్ని తెరవకుండానే పాడుతోంది. వంటింట్లో అతని భార్య హెలెన్ ఇడ్లీ రేకులు దించుతోంది. వరండా అరుగు మీద ఢిల్లీరావు చేతిసంచీ పక్కన పెట్టుకుని గోడకి చేరబడ్డాడు. అతనిది సముద్రపొడ్డున జాలరిపేట. మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కి తిమోతి కారులోనే పలాస వెళ్తాడు. నూతి దగ్గర తిమోతి నోట్లో బ్రష్షుతో నిలబడి, వాకిట్లో ఉన్న ఆ కారునే చూసుకుంటున్నాడు. కారులో డ్రైవరు సీటు మీద హెలెన్ తమ్ముడు ప్రదీప్ కుమార్, పలాసలో కార్లకి సీటు కవర్లూ స్పీకర్లూ బిగించే దుకాణంలో పనిచేసేవాడు, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నాడు. ఆరో మనిషి తిమోతి కూతురు అనూష.

అనూష ఎక్కడుందని అడిగితే మిగతా అయిదుగురిలో నలుగురు చెప్పలేకపోయేవారు. ఇంటికి ఎవరైనా వచ్చారంటే పదహారేళ్ళ ఆ పిల్ల ముందు గదిలోంచి మాయమైపోతుంది. కారు కొన్న దగ్గర్నుంచీ మాయమవడానికి దాని వెనక సీటే దొరికింది. అక్కడ కాళ్ళు పైకి ముడుచుకుని, మోకాళ్ళ మీద నీలం అట్ట డైరీ పెట్టుకుని, చెవిన పడ్డదల్లా రాసుకుంటుంది. ప్రదీప్ కుమార్ వచ్చి ముందు సీటులో కూలబడ్డప్పుడు దిగిపోదామనుకుంది. దిగితే ఇక్కడేం చేస్తున్నావని అడుగుతాడు, జవాబు చెప్పాలి. దిగకపోతే ఏమీ అడగడు. అంచేత దిగలేదు. వెనక మనిషి ఉన్నట్టు ఆయన చూసుకోనేలేదు.

ఆయన్ని అంత పొద్దున్నే పిలిపించడానికి కారణం ఎలీసబెతు ప్రార్థన.

కారు కొని అయిదు వారాలైంది. సెకండ్ హ్యాండుదే అయినా మంచి బండి. విశాఖపట్నంలో ఎవరో బ్యాంకు మేనేజరు వాడింది. ఎలీసబెతు పెట్టిన షరతు ఒకటే: ప్రార్థన కాకుండా చక్రం కదలకూడదు. ఆ ప్రార్థనకి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. కారు తాళం తీసే ఉండాలి, ఎందుకంటే తాళం వేసిన దాన్లోకి ఆశీర్వాదం ఎలా దిగుతుందని ఆవిడ ప్రశ్న. తలుపులు మాత్రం మూసే ఉండాలి. అడగకముందే తలుపు తీస్తే, దేవుడు సెలవివ్వకుండానే బయల్దేరినట్టు. ప్రయాణం చేసేవాళ్ళూ చెయ్యనివాళ్ళూ అందరూ చుట్టూ నిలబడి, బానెట్ మీదో డిక్కీ మీదో తలా ఒక చెయ్యి వేసి, కళ్ళు మూసుకోవాలి.

కారు పద్ధతి కారుకుంది. రిమోట్ నొక్కి తాళం తీశాక నలభై అయిదు సెకన్లలో ఎవరూ తలుపు తెరవకపోతే, యజమాని పొరపాటున నొక్కాడనుకుని, దొంగల భయంతో తనంతట తనే తాళం వేసుకుంటుంది.

ఎలీసబెతు నలభై అయిదు సెకన్లకి ఇంకా స్తోత్రాల దగ్గరే ఉంటుంది. తర్వాత సంఘం క్షేమం, పాస్టరు గారి మోకాలు, కొబ్బరికి పట్టిన తెల్లదోమ, ఈ ఏటి జీడిపిక్కలు, సముద్రం మీదున్న పడవలు, వీధి వీధిలో ఉన్న కిడ్నీ రోగులు పేరు పేరునా వస్తారు. ఆఖర్న ఆమెన్ అని అందరూ తలా ఒక తలుపు లాగితే ఒక్కటీ రాదు.

"ఒద్దన్నాడు," అంది ఎలీసబెతు, అలా మొదటిసారి జరిగినప్పుడు.

"అది దేవుడు కాదమ్మా, రిమోట్టు," అన్నాడు తిమోతి.

"నువ్వు తాళం తీసేవా నేదా?"

"తీసేను."

"మళ్ళీ నువ్వేసేవా?"

"నాను ఎయ్యనేదు."

"మరింకెవలేసినట్టు?"

దానికి తిమోతి దగ్గర జవాబుంది కానీ తల్లి దగ్గర అది నిలబడలేదు. తాళం మళ్ళీ తీసి, మళ్ళీ ప్రార్థన చేసి, ఈసారైనా సెలవిమ్మని ఆవిడ మరికాస్త గట్టిగా, మరికాస్త పొడవుగా అడిగింది. కారు మళ్ళీ వేసుకుంది. మొన్న మంగళవారం ఇలా మూడు ప్రార్థనలయ్యాయి. ఢిల్లీరావు ఆస్పత్రికి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది, మెషీను మరొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఎక్కించారు. ఇంకోసారి ఇలా ఆలస్యమైతే పొద్దుటి వరసలోంచి తీసి రాత్రి వరసలో వేస్తామని నర్సు చెప్పింది. రాత్రి వరస అంటే తెల్లవారుజామున తిరిగి రావాలి.

ఆ సాయంత్రమే తిమోతి బావమరిదికి ఫోన్ చేశాడు.

"అయిదు నిమిషాల పని బావా," అన్నాడు ప్రదీప్ కుమార్ ఇవాళ వచ్చీరాగానే. స్టీరింగు కింద చెయ్యి పెట్టి వెతికి, కేబులు ఒక కొస అక్కడ గుచ్చి, రెండో కొస లాప్‌టాప్‌కి తగిలించాడు. తాళంచెవి సగం తిప్పితే ముందు బోర్డు మీద లైట్లు వెలిగాయి. "కారుకి ఒక బుర్ర కాదు, పద్దెనిమిది బుర్రలు. ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, తలుపులకీ లైట్లకీ కలిపి ఒకటి. వాటిని మాడ్యూల్స్ అంటారు. మనం ఆ తలుపుల బుర్రలోకెల్లి నలభై అయిదు సెకన్లు తీసేసి పది నిమిషాలు పెడతాం. మీ అమ్మ ఎంత సేపు కావాలంటే అంత సేపు."

"పద్దెనిమిది బుర్రలుండి కూడా పిన్ని ప్రార్థనకి ఆగనేకపోతంది," అన్నాడు ఢిల్లీరావు అరుగు మీంచి. "నాకొకటే ఉంది, నాను ఆగుతున్నాను."

"టీ తాగుతావా ఢిల్లీరావన్నా?" అని హెలెన్ లోపల్నుంచి అడిగింది.

"ఒద్దమ్మా. నాను రోజుకి అన్నీ కలిపి అరలీటరే తాగాలన్నాడు డాట్రు. పొద్దున్నే టీకి పోసేస్తే మజ్జానం మాత్ర ఏటితో మింగను?"

ప్రదీప్ కుమార్‌కి ఒక అలవాటుంది. ఏదైనా పైకి చదివితేగాని ఆయనకి ఎక్కదు. దారిలో దుకాణాల బోర్డులూ, బిస్కెట్ పొట్లం మీది అక్షరాలూ కూడా పైకే చదువుతాడు. ఇప్పుడు తలుపుల బుర్ర తెరుచుకుని, అందులో ఉన్న పాత కోడు తెర మీదికి వచ్చింది. అంకెలూ మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలూ కలిపి మొత్తం ఇరవై. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. "ఆరు, ఒకటి. ఒకటి, ఎనిమిది. సున్నా, ఏ..." మధ్యలో ఆగి చెమట తుడుచుకున్నాడు, తిమోతికి ఏదో చెప్పాడు, మళ్ళీ ఆగినచోటి నుంచి చదివాడు. వెనక సీట్లో అనూష పెన్ను కూడా అలాగే ఆగుతూ సాగింది. అంకెలు చదివినప్పుడు అంకెలు రాసింది. ఆగినప్పుడు తనకి తోచింది రాసింది.

నలభై అయిదుని పది నిమిషాలు చెయ్యడం ఒక్క నిమిషంలో అయిపోయింది. అక్కడితో ఆపేస్తే ఆయన ప్రదీప్ కుమార్ కాదు.

"బావా, ముందు సీట్లో పనసకాయ పెడితే బెల్టు పెట్టమని కూత పెడతంది కదా."

"పెడతంది. పనసకాయకి బెల్టు పెట్టి తెత్తన్నాం."

"అది తీసేస్తాను. కారు దగ్గరికి రాగానే లైట్లు నమస్కారం పెట్టేటట్టు పెడతాను. స్టార్టు చెయ్యగానే స్పీడు ముల్లు ఒకసారి ఆ చివరిదాకా ఎల్లి రావాలి. పలాసలో ఎవరికీ లేదు."

"ముల్లు ఊరికే ఎల్లి రావడం ఎందుకు?" అని తిమోతి నోట్లోంచి బ్రష్షు తీసి అడిగాడు.

"అందానికి."

ఒకదాని మీద ఒకటి అయిదారు మార్పులు పెట్టి, ఆయన తెర మీద వచ్చిన ప్రశ్న కూడా పైకే చదివాడు. "పాత సెట్టింగ్స్ దాచిపెట్టాలా? నో." నో నొక్కాడు.

కారు ఒక క్షణం ఊపిరి పీల్చినట్టు ఊరుకుంది. తర్వాత ఎండిన అద్దం మీద వైపర్లు కీచుమంటూ లేచాయి. నాలుగు మూలలా ఇండికేటర్లు కొట్టుకున్నాయి. వెనక అద్దం దిగి, ఎక్కి, సగంలో ఆగింది. హారన్ మూడుసార్లు కూసింది. నూతి గట్టు మీది కోడి పెరటిగోడ దాటేసింది. ముందు గదిలో పాట ఆగిపోయింది.

"ఎవలొచ్చేర్రా?" అంది ఎలీసబెతు.

ప్రదీప్ కుమార్ తాళంచెవి పూర్తిగా తిప్పాడు. ఇంజను కదల్లేదు. ముందు బోర్డు మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఆయన అవీ పైకే చదివాడు. "గేరును పి లో పెట్టండి."

తిమోతి వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. "పెట్టు మరి."

"మన గేరుకి పి లేదు బావా. పి అంటే పార్కింగు, అది ఉండేది ఆటోమేటిక్ బండికి."

"లేనిదాన్లో ఎలగ పెడతావు?"

"అదే ఆలోచిస్తన్నాను. ఏదో ఒక అంకె అటూ ఇటూ అయింది. ఇప్పుడిది తనకి ఆటోమేటిక్ గేరుందనుకుంటంది."

"మేనేజరు దగ్గరున్న బండి కదా," అన్నాడు ఢిల్లీరావు. "మన వాకిట్లో ఉన్నానని ఇంకా మనసొప్పలేదు."

"పాతది పెట్టీ," అన్నాడు తిమోతి.

"పాతదేంటో..." ప్రదీప్ కుమార్ తెర మీద పైకీ కిందికీ వెతికాడు. "దాచలేదు."

తొమ్మిదీ ఇరవై అయింది. మెషీను పదిన్నరకి. పూండి రైలు గేటు వేసి ఉండకపోతే పలాసకి నలభై నిమిషాలు. ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో వరహాలుది, అతను స్టేషనుకి మనుషుల్ని దింపడానికి వెళ్ళి పదకొండు దాకా రాడు. ప్రదీప్ కుమార్ వచ్చిందీ ఆ ఆటోలోనే. తిమోతి తన బైకుని కారు కొన్న రోజే అమ్మేశాడు. హెలెన్ గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఢిల్లీరావు సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఈసారి అరుగు మీంచి జోకు రాలేదు.

వెనక సీట్లో అనూష మోకాళ్ళ మీది పేజీ చూసుకుంది. కావలసిన ఇరవై అంకెలూ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. కానీ అవి ఒక్కచోట లేవు. ఆ పేజీ నిండా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్నాయి. ఆ వాక్యాల్లో ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఉన్నారు. ఎవరూ తమని చూసుకుని సంతోషించేలా లేరు. డైరీని ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఇవ్వకపోతే ఢిల్లీరావు పెదనాన్న రాత్రి వరసలో పడతాడు.

ఆమె డైరీ వెనక నుంచి ఒక చీటీ చించింది. అంకెలొక్కటే ఏరి వరసగా దించింది. ఎడంవైపు తలుపు చప్పుడు కాకుండా తీసుకుని దిగింది. ప్రదీప్ కుమార్ స్టీరింగు కిందికి వంగి కేబులు కదుపుతుండగా కిటికీలోంచి చెయ్యి పెట్టి, చీటీని లాప్‌టాప్ మీటల మీద ఉంచి, గబగబా వంటింటి వైపు నడిచింది.

ఆయన తల ఎత్తాడు. "ఇదేంటిది? ఎవరు పెట్టారు?"

"ఆ గుంట పెట్టింది," అన్నాడు ఢిల్లీరావు. వరండాలోంచి అతనికి అంతా కనపడుతుంది. "పొద్దుటినించీ నీ ఎనకే కూకుంది. సూసుకోనేదా?"

అనూష గుమ్మంలో ఆగిపోయింది.

ప్రదీప్ కుమార్ చీటీ చూశాడు, లెక్కపెట్టాడు. ఇరవై ఉన్నాయి. ముఖంలో వెలుగొచ్చింది, వెంటనే పోయింది. "బావా, ఒక్క అంకె తప్పు పడితే ఈసారి బుర్ర మొత్తానికే పోతుంది. కొత్తది విశాఖపట్నం నించి రావాలి. నాను చదివినప్పుడు సరిగ్గా విందో లేదో, దించినప్పుడు ఏమైనా వదిలేసిందో. ఒరిజినల్ కావాలి."

"ఎందులో రాసేవమ్మా?" అన్నాడు తిమోతి.

అనూష డైరీని వీపు వెనక పెట్టుకుంది. వీపు వెనక హెలెన్ ఉంది. హెలెన్ దాన్ని తీసుకుని మొగుడి చేతికిచ్చింది.

"ఇవాళ తారీకు పేజీ చూడు," అన్నాడు ప్రదీప్ కుమార్. "మధ్యలో ఏమున్నా వదలకుండా మొత్తం చదువు. నాను చీటీతో పోల్చుకుంటాను."

తిమోతి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎలీసబెతు కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడింది. అనూష గోడలోకి దూరిపోవడానికి చోటు చూసుకుంది. లేదు.

తిమోతి సంఘంలో పాఠం చదివే గొంతుతో మొదలుపెట్టాడు. "మావ ఆరు ఒకటి అన్నాడు. ఒకటి ఎనిమిది అన్నాడు."

"కరెక్ట్," అన్నాడు ప్రదీప్ కుమార్.

"మావకి దుకాణంలో స్పీకర్లు బిగించడం తప్ప ఇంకే పనీ అప్పగించరని అమ్మ చెప్పింది. సున్నా ఏ."

ప్రదీప్ కుమార్ అక్క వైపు చూశాడు. "నానెప్పుడన్నాను," అని హెలెన్ గరిటె తిరగేసి చూసుకుంది.

"సున్నా ఏ ఉందా నేదా?" అన్నాడు ఢిల్లీరావు.

"ఉంది."

"మరి కానీ తిమోతీ."

"మూడు బీ. నాన్న ప్రార్థన మధ్యలో రెండుసార్లు ముందే ఆమెన్ అంటాడు, మామ్మ ఆపేస్తుందేమోనని. మామ్మ ఆపదు." తిమోతి గొంతు సంఘంలోంచి ఇంట్లోకి దిగిపోయింది. "ఎనిమిది సున్నా."

"ముందే ఆమెన్ అంతన్నావా?" అంది ఎలీసబెతు. "నాను నీకు ఆత్మ పొంగుతందనుకుని ఇంకో రెండు మాటలు కలుపుతన్నాను."

"కలుపుతున్నావని తెలిస్తే అనేవోన్ని కాదమ్మా. రెండు సీ. మామ్మ మంగళవారం మొదటిసారి ఏడు నిమిషాల ఇరవై సెకన్లు ప్రార్థించింది. అందులో పక్కింటి నీలమ్మ గారి కోడలి గురించే రెండు నిమిషాలు. నేను గడియారం చూశాను. సున్నా తొమ్మిది."

"కళ్ళు తెరిసి గడియారం సూసేవా?"

అనూష నేల చూసింది.

"గడియారం సంగతి ఒగ్గీ పిన్నీ," అన్నాడు ఢిల్లీరావు. "ఆ కోడలు పుట్టింటికెల్లిపోయిన సంగతి మా పేటలో అందరికీ నీ ప్రార్థన నించే తెలిసింది."

తిమోతి తర్వాతి ముక్క చదవబోయి ఆగాడు. పేజీ కాస్త తన వైపు తిప్పుకున్నాడు. "ఇక్కడ... అంకెలు... నాలుగు నాలుగు."

"మొత్తం సదువు," అన్నాడు ఢిల్లీరావు. "నా గురించే కదా. అందరివీ ఇని నాది ఇనకపోతే ఎలగ?"

"ఒద్దన్నా, సిన్నపిల్ల, ఏదో..."

"సదువు."

తిమోతి చదివాడు. ఈసారి నెమ్మదిగా. "ఢిల్లీరావు పెదనాన్న వచ్చినప్పటి నుంచీ జోకులు వేస్తున్నాడు. ఆస్పత్రి రోజు పొద్దున్నే ఎక్కువ వేస్తాడు. భయం ఎంత ఉంటే అన్ని వేస్తాడనుకుంటాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటీ వెయ్యడని నాన్న చెప్పాడు. నాలుగు నాలుగు. ఒకటి ఎఫ్."

వాకిట్లో వైపర్లు కీచుమంటూ తిరుగుతున్నాయి. అనూషకి ఆ క్షణంలో మెషీనూ వద్దు, కారూ వద్దు, తను ఇంకెక్కడైనా ఉంటే చాలనిపించింది.

ఢిల్లీరావు తన నీళ్ళ సీసా మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించాడు. "ప్రదీపూ, ఇప్పటిదాకా చీటీలో తప్పుందా?"

"లేదు మావా."

"పిల్ల రాసిందాంట్లో నువ్వు స్పీకర్లు బిగించేది తప్పా? తిమోతి ముందే ఆమెన్ అనేది తప్పా? పిన్ని సంగతి తప్పా?" సీసా సంచీలో పెట్టుకున్నాడు. "నాదీ తప్పు కాదు. మనుషుల్ని ఇంత సరిగ్గా రాసింది అంకెలు తప్పు రాత్తాదా? కొట్టీ."

"ఇంకా కింద ఉంది," అన్నాడు తిమోతి. "సున్నా సున్నా. అయిపోయాయి. తర్వాత..." కళ్ళజోడు సవరించుకున్నాడు. "అసలు ఇదంతా అక్కర్లేదు. ప్రార్థన ముందు ఏదో ఒక తలుపు ఒకసారి తీస్తే చాలు, కారు తాళం వేసుకోదు. మంగళవారం మూడో ప్రార్థనకి ముందు పెదనాన్న సంచీ పెట్టడానికి నేను వెనక తలుపు తీసి మూశాను. మామ్మ చూడలేదు. ఆసారి తాళం పడలేదు. మామ్మ దేవుడు ఒప్పుకున్నాడంది."

అయిదుగురూ అనూష వైపు తిరిగారు. పదిమంది కళ్ళు పడినట్టు ఆమె లేని పమిటని భుజం మీద సర్దుకుంది.

"మంగళారమే తెలుసా నీకు?" అన్నాడు తిమోతి.

తల ఊపింది.

"మరి సెప్పవేటే?"

"ఎవరూ అడగలేదు," అంది అనూష.

ప్రదీప్ కుమార్ లాప్‌టాప్ మీద వేళ్ళు పెట్టాడు, తీశాడు. మొదటి అంకె రెండుసార్లు పడింది, చెరిపాడు. "అక్కా, కాసిని మంచినీళ్ళు."

"నువ్వు దిగు," అంది ఎలీసబెతు. "రాసినోల్లే కొట్టాలి."

"అది చిన్నపిల్ల అత్తా, దీని మీద చెయ్యి పెట్టాలంటే..."

"నీ పెద్ద సెయ్యి సూసేం కదా."

లాప్‌టాప్ చేతులు మారింది. అనూషని ముందు సీటులో ఎడంవైపు కూర్చోబెట్టారు. ఉక్కగా ఉందని తలుపు బార్లా తీసి ఉంచారు. డైరీ ఒక మోకాలి మీద, లాప్‌టాప్ రెండో మోకాలి మీద. ఆమె ఒక్క వేలితో, ఒక్కొక్క అంకె, పైకి చదవకుండా కొట్టింది. ఇరవయ్యీ అయ్యాక మొదటి నుంచి చూసింది. మళ్ళీ చూసింది. తిమోతి కిటికీ అంచు పట్టుకుని ఉన్నాడు. పాత సెట్టింగ్స్ దాచిపెట్టాలా అని తెర అడిగింది. ఆమె ఎస్ నొక్కింది.

వైపర్లు సగంలో ఆగి, కొంచెం సేపు ఆలోచించుకుని, కిందికి వెళ్ళి పడుకున్నాయి. ఇండికేటర్లు ఆరాయి. వెనక అద్దం పూర్తిగా పైకెక్కింది. తిమోతి అటు తిరిగి వెళ్ళి తాళంచెవి తిప్పాడు. ఇంజను మామూలుగా, ఏమీ జరగనట్టు అందుకుంది.

"పది నిమిషాలది పెట్టావా మరి?" అన్నాడు ప్రదీప్ కుమార్.

అనూష తల అడ్డంగా ఊపింది.

"నలభై అయిదే ఉందా? మరి నాను వచ్చింది ఎందుకు?"

"ఇడ్లీ తిని ఎల్లు తమ్ముడూ," అంది హెలెన్.

తొమ్మిదీ నలభై అయిదు. తిమోతి ఇంజను ఆపి, తల్లి వైపు చూశాడు. ఎలీసబెతు బానెట్ మీద చెయ్యి వేసింది, తెరిచి ఉన్న తలుపు చూసింది, చెయ్యి తీసేసింది. "అడక్కుండానే తలుపు తీసేసేం."

"అది ప్రయాణానికి తియ్యనేదు పిన్నీ," అన్నాడు ఢిల్లీరావు. "గుంటకి గాలాడ్డానికి తీసేం. ఆశీర్వాదం కూడా బేగి దిగుతాది, ఎతుక్కోనక్కర్లేదు."

ఎలీసబెతు ఆ వాదనని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దాన్లో ఆవిడకి దోషం కనపడలేదు. అందరూ చేతులు వేశారు. అనూష సీటులోనే ఉండి ముందు బోర్డు మీద చెయ్యి పెట్టి, ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుంది. స్తోత్రాలయ్యాయి. సంఘం, పాస్టరు గారి మోకాలు, తెల్లదోమ అయ్యాయి.

"నీలమ్మ కోడలి సంగతి," అని ఎలీసబెతు ఆగింది. "నీకు తెలుసు. ఈ గుంటకి సేతికిచ్చినంత నోటికీ ఇయ్యి. ఢిల్లీరావుకి దారిలో గేటు పడకుండా సూడు. ఆమెన్."

తిమోతి ఒక్కసారే, సమయానికే, గట్టిగా ఆమెన్ అన్నాడు. ఢిల్లీరావు ఆమెన్ అని, తర్వాత గొంతు తగ్గించి గంగమ్మకి కూడా ఒక మాట చెప్పుకున్నాడు. కారు తాళం పడలేదు.

అనూష లాప్‌టాప్ మూసి దిగబోయింది. ముందు సీటు ఎప్పుడూ ఢిల్లీరావుది. అతను తలుపు దగ్గర నిలబడి దారి ఇవ్వలేదు.

"కూకో. దారిలో ఇది మళ్ళీ మేనేజరు బండినంటే ఎవలు సెప్తారు దానికి? మీ మావ ఇడ్లీ తింతన్నాడు."

"మీ సీటు," అంది అనూష.

"నాను ఎనక పడుకుంటాను." సంచీ వెనక సీట్లో పడేశాడు. హెలెన్ పరుగున వచ్చి కూతురి చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టింది. తిమోతి ఇంజను స్టార్టు చేశాడు. అనూష డైరీని తల్లికిద్దామని చెయ్యి చాపబోతే ఢిల్లీరావు ఆ చేతిని డైరీతో సహా వెనక్కి నెట్టాడు.

"అదుండనీ. నాలుగు గంటలు ఆ మెషీను పక్కన నాకేటి పనుంటాది? మొదటి పేజీ నించి సదివి ఇనిపిద్దువు గాని. నా ఎడమపక్క మంచమాయన కూడా ఇంటాడు, మంచోడు."

అనూష వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. ఢిల్లీరావు వంగి, ఆమె కాలు లోపలుందో లేదో చూసి, తలుపు వేసేశాడు.